మూతినుండి దట్టించు వేటరైఫిలు: గురి కుదురుటకు గల హేతువులు

ఇప్పటి తుపాకులలో వాడు తూటాను కర్మాగారమువారు తయారుచేసి పెట్టెలలో సర్ది పంపుదురు. మందు ఎంత, గుండు బరువెంత, ఆ గుండు మందుమీద ఎంత బిగువున కూర్చుండవలయును అను విషయములన్నియు యంత్రములే నిర్ణయించి, ఒక తూటాకును మరియొక తూటాకును భేదము లేకుండ చేయును. మూతినుండి దట్టించు రైఫిలు పట్టిన వేటగాని కట్టి సౌకర్యము లేదు. మందు కొలుచువాడు, గుండు పోతపోయువాడు, గుడ్డ కత్తిరించువాడు, కొవ్వు పూయువాడు, కడ్డీతో దట్టించువాడు అన్నియు తానే; ప్రేల్చు ప్రతి దెబ్బకును అతడు గొట్టములోపల, కంటికి కనబడని చోట, క్రొత్తగా ఒక తూటాను నిర్మించుచున్నాడు. కావున ఈ తుపాకికి గురి కుదురుట యనగా ఆ నిర్మాణము ప్రతిమారును ఒక్క తీరుననే జరుగుట యని నా నిశ్చయము. గొట్టము మంచిదగుట, మందు మంచిదగుట ముఖ్యమే. అయినను మంచి సామగ్రితో మారుమారునకు వేర్వేరుగా దట్టించువానికంటె, సామాన్యమైన సామగ్రితో ఎల్లప్పుడు ఒకే రీతిగా దట్టించువాడే గురి తప్పక కొట్టును.

ఈ విషయమును గూర్చి రెండు శతాబ్దములకు పైబడి జరిగిన వాదములను పరికించినవారికి ఒక సంగతి స్పష్టముగా గోచరించును. గాడుల మెలిక ఎంత యుండవలయును, గుండ్రని గుండు మేలా కోలగుండు మేలా, మందు ముతకగా నుండవలెనా సన్నముగా నుండవలెనా, గుడ్డకు పూయవలసినది కొవ్వా మైనమా అని వాదించినవారిలో పెక్కుమంది ఒకరి మాట నొకరు ఖండించుచున్నట్లు కన్పట్టినను, నిజమునకు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు చెప్పుచున్నారు. పందెపు మైదానమున కాగితపు గురిని కొట్టువానికి ముందుగా రెండు మూడు దెబ్బలు ప్రేల్చి సరిచూచుకొను అవకాశము కలదు. దెబ్బదెబ్బకును గొట్టము తుడుచుకొనవచ్చును. గాలి తగ్గువరకు వేచియుండవచ్చును. వేటగానికి దక్కునది తెల్లవారుజామున దట్టించి దినమంతయు భుజమున మోసిన ఒక్క దెబ్బ. అది శుభ్రమైన, చల్లని గొట్టమునుండి వెలువడు మొదటి దెబ్బ. అది తగులరాని చోట తగిలినచో గాయపడిన మృగము పొదలలో పడి దినముల తరబడి బాధపడి చచ్చును. వేటరైఫిలు గురిని కొలువదగిన కొలబద్ద ఆ మొదటి దెబ్బయే గాని, వెంటవెంటనే ప్రేల్చిన ఐదు దెబ్బల గుంపు గాదు. ఈ భేదమును మనసున నుంచుకొని ఒక్కొక్క విషయమును పరామర్శింతము.

గొట్టపు లోపలి గోడలో మెలికగా గాడులు చెక్కు విద్య జర్మను దేశపు పనివారికి పదునారవ శతాబ్దినాటికే తెలియును. అవి గురిని కుదుర్చునని వేటగాండ్రెరుగుదురు. ఏల కుదుర్చునో చెప్పగలిగినవారు చిరకాలము లేకపోయిరి. ఆ హేతువును ప్రయోగములతో వెదకి పట్టినవాడు బెంజమిన్ రాబిన్స్ అను ఆంగ్లేయ గణితజ్ఞుడు. 1742లో అతడు ఫిరంగివిద్యకు నూతన సూత్రములను ప్రతిపాదించుచు ఒక గ్రంథమును ప్రకటించి, వ్రేలాడు లోలకమునకు గుండును తగిలించి దాని వేగమును కొలుచు మార్గమును లోకమునకు చూపెను. ఆ కాలపు సైనికుల నునుపుగొట్టపు తుపాకిలో గుండు గొట్టముకంటె సన్నముగా నుండెడిది. ఇంగ్లండు పదాతుల తుపాకికి గొట్టము ముప్పాతిక అంగుళము వెడల్పు కాగా, గుండు అంతకు అంగుళములో పదునారవ వంతు తక్కువ. అట్టి గుండు లోపల అటునిటు తగులుచు పోయి, తుదకు ఏ గోడను రాచుకొని వెలువడునో ఆ రాపిడివలన ఒక దిక్కునకు గిర్రున తిరుగును. తిరుగుచున్న గుండును గాలి ప్రక్కకు నెట్టును. ఏ మారు ఏ ప్రక్కకో ముందుగా చెప్పుట ఎవరి తరమును గాదు. రాబిన్స్ ఒక తుపాకి గొట్టమును మూతికడ ఎడమకు వంచి ప్రేల్చి చూచెను. గుండు మొదట వంపును బట్టి ఎడమకు పోయి, పిదప గాలిలో తనంతట కుడికి మరలెను. వంగిన గొట్టములో గుండు కుడిగోడను రాచుకొని పోవుటచే కలిగిన భ్రమణమే ఆ మరలుటకు కారణమని అతడు నిరూపించెను. గాడులు చేయు పని ఆ యదృచ్ఛాభ్రమణమును తొలగించి, పోవు దిక్కే అక్షముగా నియతభ్రమణమును కల్పించుట; తిరుగు బొంగరము ఒరగక నిలుచునట్లు గుండు తన దారిని విడువక పోవును.

మహాగణితజ్ఞుడైన ఆయిలర్ రాబిన్స్ గ్రంథమును 1745లో జర్మను భాషలోనికి తెచ్చి వ్యాఖ్యానించుచు, గుండు ప్రక్కకు పోవుటకు దాని ఆకారదోషమే కారణమని పలికి, భ్రమణహేతువును అంగీకరింపలేదు. ఈ విషయమున ఆయిలర్ పొరబడెను. 1852లో మాగ్నస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు తిరుగు వస్తువులను గాలి ప్రక్కకు నెట్టు రీతిని ప్రయోగముచే చూపినపుడు, నూరేండ్లకు పూర్వమే రాబిన్స్ చెప్పినది నిజమని తేలినది. ఆ రాబిన్స్ అంత్యకాలము మన ప్రాంతముననే గడచినది: ఈస్టిండియా కంపెనీవారు కోటల నిర్మాణమునకు ముఖ్య ఇంజనీరుగా అతనిని చెన్నపట్టణపు తీరమునకు పంపగా, కడలూరు చెంత సెంటు డేవిడు కోటలో 1751లో జ్వరముచే మరణించెను. తుపాకి గురికి శాస్త్రమును ప్రసాదించిన మనుష్యుడు కోరమండల తీరమున కన్నుమూసినాడన్న సంగతి మన దేశమున మరింత మందికి తెలియవలసినది.

ఇక గుండును గాడులలో ఎట్లు పట్టించుట అనునది రెండవ ప్రశ్న. ఈ వ్యాసమునకు ఇదియే హృదయము. మూతినుండి దట్టించు తుపాకికి జన్మతో వచ్చిన చిక్కొకటి కలదు. గుండు గాడులను గట్టిగా పట్టుకొనునంత పెద్దదైనచో లోనికి దిగదు. సులభముగా దిగునంత చిన్నదైనచో గాడులను పట్టదు. పూర్వము జర్మను వేటగాండ్రలో కొందరు కొయ్యసుత్తితో గుండును గొట్టములోనికి కొట్టి దింపెడివారు. అట్లు కొట్టిన గుండు రూపు చెడును, శబ్దమునకు మృగము పారిపోవును. పదునెనిమిదవ శతాబ్దమున జర్మనీ, స్విట్జర్లాండు దేశములనుండి అమెరికాకు వలసపోయి, పెన్సిల్వేనియాలోని లాంకాస్టరు ప్రాంతమున స్థిరపడిన తుపాకి పనివారు, వేటకు అత్యంతానుకూలముగ పొడుగైన సన్నగొట్టపు రైఫిలును రూపొందించిరి. దానిలో గుండు గొట్టముకంటె కొంచెము చిన్నది. దానిచుట్టు కొవ్వు పూసిన నారబట్టనో మెత్తని తోలునో చుట్టి దింపుదురు. సీసము గాడులను తాకనే తాకదు. గాడులను పట్టునది బట్ట, బట్టను పట్టుకొని తిరుగునది గుండు. మూతి దాటగానే బట్ట విడిపోయి క్రిందపడును, రూపు చెడని గుండు ముందుకు సాగును. ఉపాయము ఐరోపాలో పుట్టినదే యైనను, దానిని అడవిబ్రతుకునకు నిత్యసాధనముగా తీర్చినవారు వీరే.

అర అంగుళపు గొట్టమును ఉదాహరణముగా తీసికొందము. గాడుల లోతు ప్రక్కకు అంగుళములో నూరవవంతు అనుకొన్నచో, ఎదురెదురు గాడుల అడుగునుండి అడుగునకు దూరము 0.520 అంగుళము. దీనిలో సాధారణముగా వాడు గుండు 0.490 అంగుళము, బట్ట దళసరి 0.015 అంగుళము. గుండునకు రెండువైపుల బట్టను కలిపినచో సరిగా 0.520 అగును. అనగా గాడుల నడిమి గట్లమీద బట్ట నలిగి, గాడులలో నిండుగా కూర్చుండి, మందుపొగను ముందుకు జారనీయదు. బట్ట అంగుళములో వేయింట రెండు మూడు వంతులు పలుచనైనను గురి చెదరుట కన్నులార చూడవచ్చును. అందుచేత బజారులో దొరికిన ఏ గుడ్డనో చింపి వాడుట కూడదు. బిగువుగా నేసిన నూలుబట్టను ఉతికి, గంజి పోగొట్టి, దళసరిని సూక్ష్మమాపకముతో కొలిచి, ఒక్క తానునుండియే ఏడాదికి చాలునంత కత్తిరించి యుంచుకొనుట ఉత్తమము. నేతబట్టలకు పేరుగన్న ఈ దేశమువారికి బట్ట నేత, దళసరి ఎంతటి భేదమును కలిగించునో వేరుగ చెప్పనక్కరలేదు.

ప్రేల్చిన తరువాత పది పదునైదు గజముల దూరమున పడిన బట్టబిళ్ళను ఏరి చూచుట అలవాటు చేసికొన్నవాడు గొట్టములోపల జరిగినదంతయు చదువగలడు. బిళ్ళ నడుమ గుండు కూర్చున్న చోట మసిమరక గుండ్రముగా, చుట్టును గాడుల గుర్తులు సమముగా నుండి, బట్ట మరల వాడదగినట్లున్నచో అంతయు సరిగ నున్నదన్నమాట. మరక ప్రక్కకు జరిగియున్నచో బిళ్ళను నడుమ పెట్టక దట్టించినట్లు. గుండును చుట్టిన అంచున కోతలు వరుసగా కనబడినచో గొట్టపు గట్లు, ముఖ్యముగా మూతికడ, వాడిగా నున్నవి. క్రొత్త గొట్టములలో ఇది సామాన్యము, వాడగా వాడగా అరిగి నునుపెక్కును. బట్ట మాడి చిల్లులు పడినచో అది పలుచనైనది, లేక కొవ్వు చాలనిది, లేక మందు మితిమీరినది. క్రొత్త పనిముట్లు కొనుటకు ముందు ప్రతి వేటగాడును ఈ బిళ్ళలను చూడవలయును. ఇంత నిజము చెప్పు సాక్షి మరియొకటి లేదు.

గుండును పోతపోయుటలోను అట్టి శ్రద్ధయే కావలయును. శుద్ధమైన మెత్తని సీసము, తగినంత వేడెక్కిన అచ్చు, లోపల గాలిబుడగ లేకుండుట—ఈ మూడును ముఖ్యము. అర అంగుళపు గొట్టమునకు వాడు గుండు సుమారు 177 గ్రెయినులు తూగును. తూకములో తగ్గినది లోపల బోలుగా నున్నదని తెలిసికొని తీసివేయవలయును. పోతపోసిన మచ్చను ప్రతిమారును పైకే, నడుమనే యుండునట్లు పెట్టినచో, గుండు బరువులోని ఆ చిన్నలోపము భ్రమణాక్షమునందే నిలిచి హాని చేయదు.

దట్టించుటలో రెండు నియమములు. గుండు మందును తాకి కూర్చుండవలయును. నడుమ ఖాళీ మిగిలినచో గురి చెడుటయే గాక గొట్టము ఉబ్బును, ఒక్కొక్కప్పుడు పగులును. ఆ తాకుటలోని ఒత్తిడి ఎల్లప్పుడు సమానముగ నుండవలయును. కడ్డీని పైకెత్తి పదేపదే పొడిచినచో మందుగింజలు నలిగి, వేగముగ కాలి, దెబ్బ మారిపోవును. కడ్డీమీద మూతికి సరిగా ఒక గీత గీచి, గుండు తన చోటికి చేరినపుడు ఆ గీత మూతితో సమమగుచున్నదా యని చూచుకొనుట అందరెరిగినదే. దానిని నిత్యము పాటించుటయే కష్టము.

కోలగుండు చరిత్ర దీర్ఘమైనది. దానిలో ఒక భాగమునకు దక్షిణభారతముతో సంబంధము కలదని చెప్పుదురు. ఆంగ్లసైన్యమున కెప్టెనుగా నుండిన జాన్ నార్టన్ ఈ ప్రాంతపు అడవిజనులు ఊదుగొట్టములతో విడిచెడి బాణములను పరీక్షించి, బాణపు మొదట నుంచిన మెత్తని బెండు ఊపిరి ఒత్తిడికి విచ్చుకొని గొట్టమును నింపి గాలిని జారనీయకుండుటను గమనించెననియు, దానిని బట్టి 1823లో అడుగు గుల్లగానున్న కోలగుండును కల్పించెననియు తుపాకిగ్రంథములు వర్ణించును. ఆంగ్లప్రభుత్వము దానిని ఆదరింపలేదు. 1849 నాటికి ఫ్రెంచి సైనికుడు మినియే ఆ తత్త్వమునే ప్రయోగించి కీర్తి గడించెను: దింపునపుడు గొట్టముకంటె సన్నమైన గుండు, మందు ప్రేలినపుడు అడుగు విచ్చుకొని గాడులలో బిగియును. సుత్తి లేకయే, బట్ట లేకయే గాడులను పట్టించు మార్గము దొరకినది. 1853 నాటి ఆంగ్ల ఎన్ఫీల్డు రైఫిలు ఈ కోవకు చెందినదే. దాని గొట్టము 0.577 అంగుళము, గాడులు 78 అంగుళములకు ఒక చుట్టు.

అంత మెల్లని మెలికయే ఏల యని ప్రశ్నించినవాడు మాంచెస్టరు యంత్రనిర్మాత జోసఫ్ విట్‌వర్త్. మెలిక, గొట్టపు వెడల్పు, గుండు పొడుగు—వీనిలో ఒక్కొక్కదానినే మార్చి చూచుటకై అతడు గాలి సోకకుండ ఐదువందల గజముల పొడుగున కప్పు వేసిన దారిని కట్టించెను. ఒకమారు ఒక్క విషయమునే మార్చి పరీక్షించుట యను ఆ పద్ధతియే అతడు తుపాకివిద్యకు చేసిన మహోపకారము. తుదకు 0.451 అంగుళపు షట్కోణపు గొట్టము, 20 అంగుళములకు ఒక చుట్టు మెలిక, వెడల్పునకు మూడింతల పొడుగుగల గుండు నిర్ణయింపబడినవి. 1857లో ఇంగ్లండున హైతులో జరిగిన పరీక్షలలో ఐదువందల గజములకడ విట్‌వర్త్ గుండ్లు నడిమినుండి సగటున 0.37 అడుగు తొలగగా, ఎన్ఫీల్డు గుండ్లు 2.24 అడుగులు తొలగినవి. 1860లో వింబుల్డను మైదానపు ప్రారంభోత్సవమున విక్టోరియా రాణి, దిమ్మమీద బిగించిన విట్‌వర్త్ రైఫిలు మీటను పట్టుత్రాటితో లాగగా, నాలుగువందల గజములకడ గుండు నడిబిందువునకు రెండంగుళముల లోపలనే తగిలెను. విట్‌వర్త్ ప్రయోగములచే కనుగొన్నదానిని 1879లో గ్రీన్‌హిల్ అను గణితాచార్యుడు ఒక సూత్రమున ఇమిడ్చెను: గుండు తన వెడల్పునకు ఎన్నింతల పొడుగో ఆ సంఖ్యతో 150ని భాగించి, వచ్చినదానిని వెడల్పుచే గుణించినచో, కావలసిన మెలిక అంగుళములలో దొరకును. విట్‌వర్త్ గుండునకు ఇది సుమారు 22½ అంగుళములు, అతడెన్నుకొన్నది ఇరువది. గుండ్రని గుండునకు ఇంత మెలిక అక్కరయే లేదు. పొడుగు పెరిగినకొలది మెలిక బిగియవలయును. ఏ గొట్టమునకు ఏ గుండో ఈ ఒక్క నియమముచే చాలవరకు తేలిపోవును. గుండ్రని గుండునకై చేసిన 60, 70 అంగుళముల మెలికలో పొడుగాటి కోలగుండును, 28 అంగుళముల మెలికలో బట్టచుట్టిన గుండ్రని గుండును నిండుమందుతో ప్రేల్చి, గురి కుదరలేదని వగచువారు గొట్టమును నిందింపరాదు.

విట్‌వర్త్ బాటలో నడచిన రైఫిళ్ళ సామర్థ్యము ఎంతటిదో 1874లో అమెరికాలోని క్రీడ్‌మూరు పందెమున తేటతెల్లమైనది. 800, 900, 1000 గజములకడ ఐరిషువారు మూతినుండి దట్టించు రిగ్బీ రైఫిళ్ళతోను, అమెరికనులు వెనుకనుండి తూటా పెట్టు క్రొత్త రైఫిళ్ళతోను పోటీపడగా, అమెరికనులు ఐరిషువారి 931కి 934 సాధించి గెలిచిరి. ఐరిషువారిలో ఒకడు పొరపాటున ప్రక్కనున్న గురి నడిమిని కొట్టుటచే ఆ దెబ్బ లెక్కకు రాలేదు. మూతినుండి దట్టించినంతమాత్రమున తుపాకి గురిలో తక్కువదగునన్న మాట ఆనాడే అసత్యమని రుజువైనది.

అయినచో వేటగాడు విట్‌వర్త్‌నే అనుసరింపవలెనా? కాదని గట్టిగా వాదించినవాడు బెంగాలు సైన్యపు అధికారి జేమ్స్ ఫార్సైత్. మధ్యపరగణాల అడవులలో, అనగా మన ఆదిలాబాదు అడవులకు ఉత్తరముగా సాగిపోవు సాత్పురా కొండలలో ఉద్యోగము చేయుచు, వేటరైఫిలును గూర్చి 1863లో అతడు ప్రకటించిన గ్రంథము ఈ విషయమున నేటికిని చదువదగినది. అతని వాద మిట్టిది. అడవిలో మృగము నూరు నూటయేబది గజముల లోపలనే కనబడును. కనబడి క్షణములో మాయమగును. దూరమును సరిగా అంచనా వేయుటకు తీరిక యుండదు. కావున గుండు దారి ఎంత చదునుగా నుండునో అంత మేలు. బిగువు మెలిక, లోతైన సన్నని గాడులు గల గొట్టములో మందు పెంచినచో గుండు గాడులను తెంచుకొని పోవును. అందుచే మందు తగ్గింతురు. వేగము తగ్గి గుండు దారి విల్లువలె వంగును. పెద్దగొట్టము, వెడల్పై లోతు తక్కువైన గాడులు, మిక్కిలి మెల్లని మెలిక, నిండుమందు, బట్ట చుట్టిన గుండ్రని గుండు—ఇది అతని పరిష్కారము. పౌను సీసమునకు పదునాలుగు గుండ్లు పోయదగిన గొట్టమునకు, అనగా సుమారు 0.69 అంగుళమునకు, అతడు విధించిన మెలిక 104 అంగుళములకు ఒక చుట్టు.

ఫార్సైత్ వాదము వేటకు సంబంధించినంతవరకు సత్యమని నా అభిప్రాయము. అతడు గురిని కాగితముమీది గుంపుతో కొలువక, దూరమును పొరబడినను తగులవలసినచోటనే తగులుటతో కొలిచినాడు. అయితే గుండ్రని గుండు గాలిలో త్వరగా వేగము కోల్పోవు సంగతిని నేటివారు మరువరాదు. అర అంగుళపు గుండు సెకనునకు 1800 అడుగుల వేగమున వెలువడినను నూరు గజములు పోవుసరికి అందు మూడవవంతునకు పైగా పోగొట్టుకొనును. గంటకు పదిమైళ్ళ ప్రక్కగాలి అంత దూరమున దానిని సుమారు జానెడు తొలగించును. లేడి గుండె, ఊపిరితిత్తులున్న చోటు కూడ అంతకు మించి వెడల్పు గాదు. కనుక చిన్న గుండ్రని గుండునకు నూరు గజములలోపలి దూరమే ధర్మము. గాలి వీచునపుడు అందులోను సగమే. గుండు పెద్దదైనకొలది బరువు ఘనముగ పెరుగును గాన వేగము మెల్లగ తగ్గును. ఫార్సైత్ పెద్దగొట్టమును కోరుటకు ఇదియు ఒక హేతువే. సింహళమున ఏనుగులను వేటాడిన సామ్యూల్ బేకరు 1840లో చేయించిన రైఫిలు 21 పౌనుల బరువు, మందు 16 డ్రాములు; అది సామాన్యుల భుజమునకు తగినది గాదు.

మందును గూర్చి చెప్పవలసినది కొంచెమే యైనను, మసిని గూర్చి చాల కలదు. సూరేకారము నూటికి 75 పాళ్ళు, బొగ్గు 15, గంధకము 10గా కలిసిన నల్లని తుపాకిమందు కాలినపుడు దాని బరువులో సగమునకు మించి ఘనపదార్థమై, కొంత పొగగా పోయి కొంత గొట్టముననే నిలుచును. సన్నని గొట్టములకు సన్నగింజ మందును, పెద్దగొట్టములకు ముతకగింజ మందును వాడుట పూర్వాచారము. తయారుచేసినవారు విధించిన పరిమాణమును దాటక, తక్కువనుండి మొదలిడి కొంచెము కొంచెముగ పెంచుచు గుంపు దగ్గరపడు చోట ఆగుట క్షేమము. పొగలేని మందును ఈ గొట్టములలో పోయుట ప్రాణాపాయము. నల్లమసి పొడిగాలిలో పెంకువలె గట్టిపడును, తేమగాలిలో మెత్తబడును. కాబట్టి వేసవి మధ్యాహ్నమున కుదిరిన గురి వానకారు ఉదయమున కుదరకపోవుట వింత గాదు. రెండవ గుండు మొదటిదానికంటె బిగువుగా దిగుచున్నదనగా గొట్టము మారిపోయినదనియే అర్థము.

ఆ మసిని మెత్తగా నుంచుటకే కొవ్వు. 1857 నాటి ఎన్ఫీల్డు తూటాకాగితములకు పూసిన కొవ్వు ఆవుదనియు పందిదనియు సిపాయిలు శంకించుట, ఆ శంక మహావిప్లవమునకు ఒక నిప్పురవ్వ యగుట మనవారందరు నెరుగుదురు. ఆ కొవ్వు అసలెందులకో ఎరిగినవారు కొందరే. అది లేనిచో నాలుగైదు దెబ్బలకే మసి గట్టిపడి గుండు దిగదు, దిగినను గురి నిలువదు. తేనెమైనము, నూనెలు కలిపి పూసినను పని జరుగునని పిదప అధికారులే ఒప్పుకొనిరి. ముందుగనే ఒప్పుకొని యుండవలసినది. నేటి అనుభవజ్ఞులును జంతుతైలములు, మైనము, వనస్పతితైలములనే మెచ్చుకొందురు. రాతినూనెనుండి వచ్చిన కందెనలు నల్లమందు మసితో కలిసి జిగురుపడునని వారి మాట.

దెబ్బదెబ్బకును తడిబట్టతో ఒకమారు, పొడిబట్టతో ఒకమారు తుడుచుట మైదానమున ఉత్తమమైన పద్ధతి. వేటగానికి వేరొక చిక్కు కలదు. తుప్పునకు వెరచి అతడు గొట్టమునకు నూనె పూసి యుంచును. నూనెతో నున్న గొట్టమునుండి వెలువడు మొదటి గుండు తక్కిన గుండ్ల చోట తగులదు. కొందరు వేటకు బయలుదేరకముందు మందును అంటించు క్యాపు నొకదానినో కొంచెము మందునో ప్రేల్చి గొట్టమును పొగబట్టింతురు. కొందరు మద్యసారముతో నూనెను పూర్తిగా తుడిచివేయుదురు. రెండవదియే నాకు సమ్మతము. పొగబట్టించిన గొట్టము తేమను పీల్చును, ఆ తేమ దినమంతయు మందుప్రక్కనే యుండును.

గొట్టమున మూతికంటె సుకుమారమైన చోటు లేదు. గుండు విడిపోవు క్షణమున మూతి అంచు ఒకవైపు కొంచెమరిగియున్నను మందువాయువు ఆ ప్రక్కనుండి ముందుగా తప్పించుకొని గుండును ఒరిపించును. మూతినుండి దట్టించు తుపాకికి కడ్డీరాపిడి సదా ఆ అంచునకే. ఈ దోషమును నివారించుటకు 1840లో ఆల్వన్ క్లార్క్ అను అమెరికను పనివాడు కల్పించిన ఉపాయము నాకు మిక్కిలి ఆశ్చర్యకరము. గొట్టమును కావలసినదానికంటె పొడుగుగా చేసి, తుదినుండి ఒక ముక్కను కోసి, మేకులతో మరల సరిగా అమరునట్లు చేసి, ఆ తరువాత రెంటికి కలిపి గాడులు చెక్కుదురు. దట్టించునపుడు ఆ ముక్కను తగిలించి దానిగుండ గుండును దింపి, ప్రేల్చునపుడు తీసివేయుదురు. అసలు మూతిని కడ్డీ తాకనే తాకదు. ఈ క్లార్కే తరువాత దూరదర్శినుల కటకములు సానపట్టుటలో అగ్రగణ్యుడయ్యెను. 1862లో లుబ్ధకనక్షత్రపు సహచరతారను అతని కుమారుడు కనుగొన్నది వారి కటకముతోనే. వేటగానికి ఆ దొంగమూతి బరువుచేటు. అతనికి చాలునది కడ్డీకి తొడుగు ఇత్తడి రక్షకము, మూతి అంచును అప్పుడప్పుడు భూతద్దముతో పరీక్షించుట.

మందు అంటుకొను రీతియు గురికి సంబంధించినదే. చెకుముకిరాయి తుపాకిలో మీట నొక్కుటకును, పళ్ళెములోని రంజకము చెవిద్వారా లోపలి మందును అంటుకొనుటకును నడుమ జాప్యము తెలియునంతగా నుండును; ఆ మెరుపునకు పక్షులు బెదరుటను చూచి విసిగిన స్కాట్లండు మతాచార్యుడు అలెగ్జాండర్ ఫార్సైత్, దెబ్బకు ప్రేలు రసాయనముతో అంటించు మార్గమునకు 1807లో హక్కు పొందెను. (ఇతడు వేరు, మధ్యపరగణాల ఫార్సైత్ వేరు.) ఆ రసాయనమును నింపిన క్యాపు వచ్చిన తరువాత ఆ జాప్యము తగ్గినను, క్యాపు తొడుగు ముక్కు రంధ్రము వాడుకచే వెడల్పెక్కి వాయువును జారవిడుచుట, దానివలన గుండ్లు పైకి క్రిందికి చెదరుట నేటికిని పలువురు గుర్తింపని దోషము. గొట్టము కర్రలో కదలకుండుట, మీట తేలికగ ఒక్క తీరున జారుట, వెనుకటి గంటు ముందరి మొన ఎండలోను నీడలోను ఒకే తీరుగా కనబడుట—వీనిని గూర్చి ఇతర రైఫిళ్ళకు చెప్పునదే దీనికిని చెల్లును.

1985లో టోనీ నైట్ అను అమెరికను తుపాకిపనివాడు క్యాపును గొట్టమునకు నేరుగ వెనుక అమర్చి, వెనుకనుండి శుభ్రము చేయదగిన రైఫిలును తెచ్చినప్పటినుండి ఆ దేశమున వేటగాండ్రు చాలమంది ఆ మార్గమునకే మరలిరి. బిగువు మెలిక, ప్లాస్టిక్ తొడుగులో కూర్చిన కోలగుండు, మాత్రలుగా చేసిన కృత్రిమపు మందు, దూరదర్శిని—వీనితో నూటయేబది గజములకడ గురి సులభమైనది. పెన్సిల్వేనియా రాష్ట్రమువారు మాత్రము శీతకాలపు ప్రత్యేకవేటకు చెకుముకిరాయి తుపాకినే విధించి యున్నారు. క్రొత్త సాధనములు చేసినదెల్ల ఏకరూపతను వేటగాని చేతులనుండి తీసి కర్మాగారమునకు అప్పగించుట. గురికి అది లాభమే. అయినను ఆ మాత్రలను సగము నలిపి, గుండును ఒకమారు బిగువుగ ఒకమారు వదులుగ దింపువాడు అందులోను విఫలుడే.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేట ముగిసినది, ముగియుట న్యాయము. అయినను మన ఏజెన్సీ గ్రామములలో నాటు తుపాకి నేటికిని కనబడును. అది నునుపుగొట్టము, గొట్టముకంటె చిన్నవైన గుండ్లు, ఇనుపముక్కలు, చేతికందినంత మందు. రాబిన్స్ వర్ణించిన దోషములన్నియు దానిలో మూర్తీభవించియున్నవి. గురి యన్నది లేని ఆయుధము మృగమును చంపుటకంటె గాయపరచుటయే ఎక్కువ. గొట్టము పగిలి పట్టినవాని వ్రేళ్ళు పోవుటయు, తోటిమనుష్యుడే బలియగుటయు విననివి గావు. పంటకావలికే యైనను అట్టిదానిని వాడుట తగదని స్పష్టముగ చెప్పవలసియున్నది.

వేట చట్టసమ్మతమైన దేశములలో ఈ రైఫిలు పట్టువారు పరీక్షచేయవలసిన పద్ధతియే ఇక మిగిలినది. మొదట గొట్టపు మెలికను కొలిచి దానికి తగిన గుండును నిర్ణయింపవలయును. పిదప బట్ట దళసరి, తరువాత మందు పరిమాణము, చివరకు కొవ్వు—ఒకమారు ఒక్కటియే మార్చి, మూడు దెబ్బలతో తృప్తిపడక పది దెబ్బలైన చూడవలయును. మూడు గుండ్లు దగ్గరగా పడుట పెక్కుమార్లు కేవల యాదృచ్ఛికము. ఇట్లు కుదిరినపిమ్మట అసలు పరీక్ష మొదలగును. గొట్టమును వేటకు తీసికొనిపోవునట్లే శుభ్రపరచి, నూనె తుడిచి, ఉదయమున దట్టించి, కొన్ని గంటలు మోసి, సాయంకాలమున ఒక్కటే దెబ్బ ప్రేల్చి, ఆ కాగితమును దాచి, మరియొకనాడు అదే కాగితముమీద మరల ఒక్క దెబ్బ ప్రేల్చవలయును. ఎండనాడు, మబ్బునాడు, చలిలో, ఉక్కలో అట్లు కూడిన చిల్లులు ఎంత వెడల్పున పరచుకొన్నవో అదియే ఆ రైఫిలు నిజమైన గురి. ఆ వెడల్పు మృగపు మర్మస్థానమునకు లోబడినంత దూరమువరకే ఆ వేటగాడు మీట నొక్కవచ్చును.